నోట మిగిలిన పేరు

యాడికికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ పల్లెలో శ్రీరంగప్పకూ నాగన్నకూ కలిపి ఒకటే బావి. తాతల కాలంలో రెండు కుటుంబాలూ చెరిసగం చాకిరీ చేసి తవ్వుకున్నది. సోమవారం మొదలు మూడు రోజులు శ్రీరంగప్ప వంతు, గురువారం మొదలు మూడు రోజులు నాగన్న వంతు. ఆదివారం ఎద్దులకు విడుపు, బావికి ఊట. ఈ ఏర్పాటును ఎవరూ కాగితం మీద రాసుకోలేదు. వానలు కురిసినన్నాళ్ళూ ఆ అవసరం పడలేదు కూడా. మనుషుల మంచితనానికీ బావిలో నీటిమట్టానికీ ఏదో చుట్టరికం ఉన్నట్టుంది. అది దిగితే ఇదీ దిగుతుంది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో వాన మొహం చాటేసింది. ఎద్దులు మోకు పట్టి లాగితే నిండుగా లేచే కపిల బాన, ఆ పెద్ద తోలు తొట్టి, సగం నీళ్ళతో లేవడం మొదలుపెట్టింది. శ్రీరంగప్ప ఆ వారం తన వంతు పూర్తయ్యాక కూడా గురువారం పొద్దున పది బానలు ఎక్కువ తోలాడు. మడి చివర వరి ఎండిపోతుంటే చేతులు ఆగలేదు. నాగన్న వచ్చి చూశాడు. ఇద్దరూ మోకు పట్టుకుని పెనుగులాడారు. నాగన్నకు కోపం ముక్కు మీద ఉంటుంది. పదిమంది వింటుండగా, తల పగిలితే గానీ నీకు వంతు అంటే తెలిసిరాదు అన్నాడు.

కోపంలో అన్న మాట. ఆ పదిమందిలో ప్రతివాడూ తన ఇంట్లో రోజుకు రెండుసార్లు అలాంటి మాట అంటూనే ఉంటాడు. కానీ మరునాడు పొద్దున శ్రీరంగప్ప తల నిజంగానే పగిలింది.

అప్పుడు అతని భార్య చెన్నమ్మ కొర్రలు దంచుతోంది. వాకిట్లోకి నాగన్న వచ్చాడు. భుజం మీద శ్రీరంగప్ప వేలాడుతున్నాడు. ఎడమ కణత దగ్గర తల చీలి, ఆ నెత్తురు నాగన్న వీపు మీదుగా పంచె తడిపి మడమల దాకా కారింది. నాగన్న ఒగరుస్తూనే చెప్పాడు. గిలక ఇరుసు విరిగిందనీ, దూలంతో సహా మీద పడి అటు నుంచి అటే బావిలోకి పోయిందనీ, బండి కట్టి ఆసుపత్రికి తీసుకుపోదామనీ. నిన్నటి తగువు నిన్ననే అయిపోయిందనీ, తన వంతులో సగం నీళ్ళు పారించుకోమని తానే రంగప్పను బావి దగ్గరికి పిలిచాననీ కూడా చెప్పాడు.

చెన్నమ్మ అన్న హనుమంతరాయుడిది అదే ఊరు. అరుపులు విని పరుగెత్తుకొచ్చిన అతను బావమరిది హోదాలో ముందు చూడవలసింది బావ తలకాయ. అతను చూసింది నాగన్న పంచె.

"నిన్న తల పగలగొడతానన్నోడు ఈ పొద్దు నీళ్ళిచ్చినాడంట. వింటాండారా అప్పా," అన్నాడు చుట్టూ చేరినవాళ్ళతో.

అంతే, బండి సంగతి అందరూ మరిచిపోయారు. నాగన్నను గల్లా పట్టి వీధిలోకి గెంటారు. కొట్టినవాడే గిలకను కూడా బావిలోకి తోసి నాటకమాడుతున్నాడని ఒకరన్నారు. ఆ మాట ఊరు చుట్టి వచ్చేసరికి కళ్ళారా చూసినవాళ్ళు ముగ్గురు తయారయ్యారు. బావిలోకి దిగి చూద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. దిగితే నడుము లోతు నీళ్ళు కూడా లేవు.

రెండోనాడు శ్రీరంగప్ప కళ్ళు తెరిచాడు. కుడి చెయ్యీ కుడి కాలూ చచ్చుబడ్డాయి. మూతి ఒక పక్కకు జారింది. చావుబతుకుల మధ్య ఉన్న మనిషి అబద్ధమాడడని ఆ ఊళ్ళో నమ్మకం. అలాంటి మనిషి నాలుక మీద తులసినీళ్ళు పోసి అడిగితే వచ్చే మాటను కోర్టు తీర్పు కన్నా గట్టిదిగా చూస్తారు. పెద్దలు వచ్చి కూర్చున్నారు. చెన్నమ్మే తులసినీళ్ళు పోసింది. నిన్ను కొట్టినది ఎవరని హనుమంతరాయుడు అడిగాడు.

శ్రీరంగప్ప పెదవులు చాలాసేపు కొట్టుకున్నాయి. గొంతులో నరాలు ఉబ్బాయి. చివరికి స్పష్టంగా, తప్పు లేకుండా, "నాగన్న" అన్నాడు.

ఇంకేమి కావాలి? అయినా ఇంకొంత కావాలనిపించింది హనుమంతరాయుడికి. ఎక్కడ కొట్టాడు, దేనితో కొట్టాడు అని అడిగితే బావ మళ్ళీ నాగన్న అనే అంటున్నాడు. నాలుక మొద్దుబారింది, వాతలు పెడితే తిరుగుతుందని మారెక్క అన్నది. ఆ ఊళ్ళో పక్షవాతానికీ మూర్ఛకూ ఆమె చెప్పిందే వైద్యం. కొడవలిని పొయ్యిలో ఎర్రగా కాల్చారు. ఇద్దరు మగవాళ్ళు చేతులు పట్టుకున్నారు. కాళ్ళ మీద చెన్నమ్మ కూర్చుంది. మొగుడికి మాట వస్తుందంటే ఏ ఆడది కూర్చోదు? కొడవలి మొదట అరికాలికి తగిలింది, తర్వాత మోచేతికి, తర్వాత మెడ కింద. చర్మం చిటపటమంది. ప్రతి వాతకూ శ్రీరంగప్ప ఎగిరెగిరి పడుతూ గొంతు చించుకుని అరిచిన అరుపు ఒకటే. "నాగన్నా! నాగన్నా!"

"చాలు. మూడు తూర్లు చెప్పినాడు," అని హనుమంతరాయుడు లేచాడు.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే ఐదుగురు నాగన్న కల్లంలోకి పోయారు. అతను చొప్ప నరుకుతున్నాడు. వాళ్ళ చేతుల్లో గొడ్డళ్ళూ రోకలీ చూసి కూడా పారిపోలేదు. తప్పు చెయ్యనివాడు పారిపోవాలని ఎలా అనుకుంటాడు? రెండు చేతులూ ఎత్తి, గిలక విరిగిందప్పా, బావిలోకి దిగి చూడండప్పా అని చెప్పడం మొదలుపెట్టాడు. ఎత్తిన కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగి చొప్ప మీద పడింది. కింద పడ్డవాడి మోకాళ్ళను రోకలితో చితక్కొట్టారు. అతని భార్య బయమ్మ వచ్చి మొగుడి మీద పడుకుంటే జుట్టు పట్టి ఈడ్చి, ఆ రోకలితోనే ఆమె భుజం విరగ్గొట్టారు. స్పృహ తప్పేదాకా నాగన్న గిలక అనే అంటున్నాడు. హనుమంతరాయుడికి ఆ మాట తప్పించుకోవడానికి ఆడే అబద్ధంలాగే వినిపించింది.

ఊళ్ళో నెత్తురు పారితే ఒక ఇంటితో ఆగదు. నాగన్న దాయాదులు మరునాడు హనుమంతరాయుడి గడ్డివాములు తగలబెట్టారు. కట్టేసిన ఎద్దుల వెనక కాళ్ళ నరాలు కోశారు. అడ్డం పోయిన అతని చిన్నాన్న కొడుకు కడుపులో బాకు దించారు. పోలీసులు వచ్చారు. నాగన్నను బండిలో వేసి అనంతపురం ఆసుపత్రికి పంపారు. కేసుకు సాక్షి కావాలి కనుక శ్రీరంగప్పను కూడా అదే ఆసుపత్రికి పంపారు. పగిలిన తలకు దొరకని బండి సాక్ష్యానికి దొరికింది, అదీ ఐదో రోజున.

తలకు శస్త్రచికిత్స చేసిన డాక్టరు, ప్రాణానికి భయం లేదనీ, మాట సంగతి మాత్రం నూర్ అహమ్మద్ చూస్తాడనీ చెప్పాడు. వాతల పుండ్లు మానేదాకా ఆగి, రెండు వారాల తర్వాత పంపాడు.

నూర్ అహమ్మద్ ఎద్దులకు లాడాలు కొట్టే మాబు సాబ్ కొడుకు. తాడిపత్రి చుట్టుపక్కల ఊళ్ళు తండ్రి వెంట తిరిగి పెరిగాడు. మాట రాని వాళ్ళకు మాట నేర్పే చదువొకటి ఉందని ఎవరో చెబితే మైసూరు పోయి చదివి వచ్చాడు. ఆసుపత్రిలో చెవి డాక్టరు గది పక్కన చిన్న గది అతనిది. అందులో మందుసీసాలు లేవు. ఒక అద్దం, కొన్ని బొమ్మలు, ఒక పళ్ళెంలో బంకమట్టి. మందు ఇవ్వని డాక్టరు ఏం డాక్టరని వార్డుబాయిలు నవ్వుకునేవాళ్ళు. రోగులు మాత్రం మాటల సారు అని పేరు పెట్టుకున్నారు.

చెన్నమ్మ ఆ గదిలోకి అడుగుపెట్టేటప్పటికే ఆమె అన్న ఆమెకు పాఠం చెప్పి పంపాడు. బెయిలు మీద బయట తిరుగుతున్నాడు. మేజిస్ట్రేటు ఎనిమిది రోజుల్లో ఆసుపత్రికి వచ్చి బావ వాంగ్మూలం రాసుకుంటాడు. నాగన్న కొట్టాడని బావ ఆయన ముందు చెబితే హత్యాయత్నం కేసు నాగన్న మెడకు చుట్టుకుంటుంది. తన మీద కేసు తేలికవుతుంది. లేకపోతే తనకు పదేళ్ళు.

"సారూ, పెద్ద మాటలేం వద్దు," అన్నది చెన్నమ్మ నూర్ అహమ్మద్‌తో. "నాగన్న అనే మాట ఉండనే ఉండాది. దాని పక్కన ఇంకొక్క మాట నేర్పించు, చాలు. కొట్టినాడు అని."

నూర్ అహమ్మద్ శ్రీరంగప్ప వైపు తిరిగాడు. మెడ కిందా మోచేతి మీదా వాతల మచ్చలు చూశాడు. ఎవరు పెట్టారని అడగలేదు. తాను ఎవరికీ సాక్ష్యం నేర్పననీ, ముందు శ్రీరంగప్పన్నకు ఏ మాటలు మిగిలాయో చూడాలనీ, ఈ వారం రోజులూ ఆయన పక్కన కూర్చుని ఆయన నోట వచ్చే ప్రతి మాటా వినమనీ చెప్పాడు. తొందరపెట్టవద్దు, మాట అందివ్వవద్దు, ఊరికే వినమన్నాడు.

ఊరికే వినడం అంత కష్టమని చెన్నమ్మకు అప్పటిదాకా తెలియదు. పొద్దున శ్రీరంగప్ప కూజా వైపు ఎడమ చెయ్యి చాపి నాగన్న అన్నాడు. దప్పికలో కూడా పగ మరవలేదు పాపమని ఆమె అనుకుంది. మధ్యాహ్నం సంగటి ముద్ద చూసి నాగన్న అన్నాడు. కిటికీలో కాకి వాలితే దాన్ని చూపించి నవ్వుతూ నాగన్న అన్నాడు. కట్టు మార్చడానికి నర్సు రాగానే వణికిపోతూ నాగన్న అన్నాడు. చెన్నమ్మకు ఒక అనుమానం మొలిచింది. దాన్ని పైకి రానివ్వకుండా నొక్కిపెట్టింది. అది పైకి వస్తే ఎక్కడికి పోయి ఆగుతుందో ఆమెకు తెలుసు.

మూడోనాడు నూర్ అహమ్మద్ శ్రీరంగప్పకు ఎదురుగా కూర్చుని చేత్తో బల్ల మీద ఎద్దుల నడక వాయించాడు. కపిల తోలేవాళ్ళు మోకు మీద కూర్చుని బానలు లెక్కపెడుతూ పాడుకునే పాట ఎత్తుకున్నాడు. తండ్రి లాడాలు కొడుతుంటే బావుల దగ్గర కూర్చుని విన్న పాట.

"ఒకటో బానా వస్తాంది గంగా..."

శ్రీరంగప్ప తల ఎత్తాడు. నోరు వణికింది. తర్వాత చెన్నమ్మ చెవులారా విన్నది.

"రెండో బానా రేగడి తడిసె... మూడో బానా మురిసె నా మడి..."

అన్నీ మాటలే. ఒక్కటి కూడా తప్పు పోలేదు. పదకొండో బాన దాకా పాడి శ్రీరంగప్ప పసివాడిలా ఏడ్చాడు. చెన్నమ్మ నూర్ అహమ్మద్ కాళ్ళ మీద పడబోయింది. మాట వచ్చింది సారూ, ఇంకేమి, ఇప్పుడు అడుగు అన్నది. అతను ఆమెను లేపి భర్త పక్కన కూర్చోబెట్టాడు.

"శ్రీరంగప్పన్నా, ఈయమ్మ ఎవరు?" అని అడిగాడు.

శ్రీరంగప్ప పెండ్లాం వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో ఆమెను పోల్చుకున్న వెలుగు ఉంది. ఎడమ చేత్తో ఆమె చెంప నిమిరాడు. పెండ్లయి పద్దెనిమిదేళ్ళయినా పదిమందిలో ఎప్పుడూ అలా నిమరలేదు. ప్రేమగా, ఆమె ఒక్కతెకే చెబుతున్నట్టు, "నాగన్న" అన్నాడు.

నూర్ అహమ్మద్ ఇంకో ప్రశ్న వేశాడు. నిన్ను కన్నతల్లి పేరేమి? నాగన్న. నీ ఊరు ఏది? నాగన్న. చివరికి, నిన్ను ఆ రోజు కొట్టింది చెన్నమ్మేనా అని అడిగితే, శ్రీరంగప్ప అవునన్నట్టు తల ఊపుతూ నాగన్న అన్నాడు.

"గాదెలో గింజలన్నీ ఉన్నాయి అక్కా," అన్నాడు నూర్ అహమ్మద్. "తలుపు బిగుసుకుపోయింది. మాటలు పుట్టే చోట దెబ్బ తగిలితే కొందరికి ఒక్క మాటే మిగులుతుంది. ఆకలికీ అదే, నొప్పికీ అదే, పెండ్లానికీ అదే. తల ఊపడం కూడా ఇంకా ఆయన చేతిలో లేదు. ఆ మాట ఎందుకు మిగిలిందో ఎప్పుడూ చెప్పలేము. దెబ్బ తగిలే క్షణాన నోట్లో ఉన్న మాటే కొన్నిసార్లు అక్కడ ఇరుక్కుంటుంది. పాట ఉండేది వేరే అరలో, అందుకని అది వస్తుంది. వాతలు పెడితే కూడా ఈ మాటే అరిచి ఉంటాడు. అమ్మా అనడానికి ఆయనకు వేరే మాట లేదు."

చెన్నమ్మ రెండు చేతులతో తన తొడలు పట్టుకుంది. ఆ కాళ్ళ మీద కూర్చున్న తొడలు. అమ్మా అని మూడుసార్లు అరిస్తే తాము లెక్కపెట్టి మూడు సాక్ష్యాలన్నారు.

నూర్ అహమ్మద్ అక్కడితో ఆగలేదు. బంకమట్టి పళ్ళెం తెచ్చి శ్రీరంగప్ప ముందు పెట్టాడు. మట్టితో చేసిన రెండు ఎద్దులూ కొన్ని మనిషి బొమ్మలూ కొన్ని పుల్లలూ ఇచ్చాడు. ఆ రోజు బావి దగ్గర ఏం జరిగిందో చూపించమన్నాడు. ఏ సూచనా అందివ్వలేదు. గంట పట్టింది. శ్రీరంగప్ప ఎడమచెయ్యి తడబడుతూ మట్టిలో గుంట తీసింది. గుంట ఒడ్డున రెండు పుల్లలు నిలబెట్టి అడ్డంగా ఒకటి పెట్టాడు. ఎద్దుల్ని దూరంగా, బావికి వీపు పెట్టి నిలిపాడు. వాటి వెనక మట్టి మనిషిని పెట్టాడు. గుంట పక్కన ఇంకో మట్టి మనిషిని పెట్టి, వేలితో తన రొమ్ము తాకాడు. ఎద్దుల్ని ముందుకు తోసి, పై పుల్లను చూస్తూ గుడ్లు పెద్దవి చేశాడు. ఎద్దుల్ని ఆపమని దూరంగా ఉన్న మట్టి మనిషిని కేకేసి పిలిచాడు. "నాగన్నా!" తర్వాత అడ్డపుల్లను తన కణతకు కొట్టుకుని గుంటలోకి విసిరాడు.

ఇరవై రోజులుగా ఆయన చెబుతున్నది అదే. వినడానికి మనిషి దొరికింది ఆ రోజు.

మరునాడు హనుమంతరాయుడు ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. బావ ఎంతవరకు నేర్చుకున్నాడని అడిగాడు. చెన్నమ్మ ఒక్కటీ దాచకుండా చెప్పింది. పాటా, మట్టీ, చెంప నిమరడం, గిలక అన్నీ చెప్పింది. మేజిస్ట్రేటు ముందు తాను ఇదే చెబుతాననీ, తులసినీళ్ళు పోసిందీ కాళ్ళ మీద కూర్చున్నదీ కూడా చెబుతాననీ అన్నది. హనుమంతరాయుడు మొదట నవ్వాడు. తురకాయన ఏదో మందు పెట్టాడన్నాడు. నాగన్న చెయ్యి ఎట్లాగూ తెగిందనీ, ఇప్పుడు ఈ మాట చెబితే ఆ చెయ్యి అతకదనీ, తోడబుట్టినవాడి తల మాత్రం తెగుతుందనీ అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. చెన్నమ్మ కూడా ముందు రాత్రంతా అదే అనుకుంది.

"నువ్వు నరికినావు అన్నా. నరకొద్దని అనలేదు నా నోరు," అన్నది చెల్లెలు.

హనుమంతరాయుడి పిడికిలి ఆమె నోటి మీదే పడింది. ఆమె తల గోడకు తగిలింది. ఇంకో దెబ్బకు రెండు పళ్ళు ఊడి బండ మీద పడ్డాయి. జుట్టు పట్టి తల నేలకేసి బాదుతూ, చెబుతావా, చెబుతావా అని అడిగాడు. నోరు నిండా నెత్తురుతోనే ఆమె చెబుతానని అన్నది. నూర్ అహమ్మద్ అడ్డం వచ్చాడు. అతన్ని ఎత్తి బల్ల మీదికి విసిరాడు హనుమంతరాయుడు. అతని ముంజేయి విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. నలుగురు వార్డుబాయిలూ ఒక పోలీసూ కలిస్తే గానీ హనుమంతరాయుణ్ణి పట్టలేకపోయారు.

కుట్లు వేయించుకోమని నర్సు పిలుస్తున్నా వినకుండా చెన్నమ్మ ముంగిలి దాటి ఎదుటి వార్డుకు పోయింది. నాగన్న అక్కడే ఉన్నాడని ఆమెకు ఇన్నాళ్ళూ తెలుసు. ఒక్కసారి కూడా అటు చూడలేదు. మిగిలిన ఒక్క చేతికీ బేడీ వేసి మంచానికి కట్టేశారు. తెగిన చెయ్యి చీము పట్టి ఒళ్ళంతా విషం పాకింది. వంటి మీద చెయ్యి పెడితే కాలుతోంది. బయమ్మ విరిగిన భుజానికి కట్టుతో, ఒక చేత్తో విసురుతోంది. చెన్నమ్మను చూసి ఆమె విసనకర్ర ఎత్తింది, కొట్టడానికి. ఆ నోటినిండా నెత్తురు చూసి ఆగింది.

చెన్నమ్మ మంచం కాళ్ళ దగ్గర కూలబడింది. మాట్లాడితే నెత్తురు చింది నాగన్న దుప్పటి మీద పడుతోంది. నువ్వు చెప్పిందంతా నిజమని తెలిసింది నాగన్నా, ఆయప్ప నిన్ను పిలిచినాడు, మేము కొట్టినావని అనుకున్నాము అని చెప్పింది.

నాగన్న కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది.

"రంగప్పకు ఎట్లుండాది?" అని అడిగాడు. కొంతసేపయ్యాక, "పిలిచింది వినబడింది. ఎద్దుల్ని ఆపలేకపోయినా," అన్నాడు.

చెన్నమ్మ పోలీసులకు అంతా చెప్పాక బేడీ ఆ సాయంత్రమే తీశారు. మూడోనాటికి నాగన్న పోయాడు. పోలీసులు బావిలోకి మనిషిని దించారు. విరిగిన ఇరుసుతో గిలకా దూలమూ రెండూ మోకాలి లోతు బురదలో దొరికాయి. వాటిని పైకి తీయడానికి పట్టిన సమయం అరగంట. అంతకుముందు ఎవరైనా దిగి ఉంటే కూడా అరగంటే పట్టేది.

మీరు ఈ కథ చదువుతూ, పల్లెటూరి మొరటుతనం అనుకుంటారేమో. మీ వీధిలో నత్తివాణ్ణి వెక్కిరించినవాళ్ళనూ, పక్షవాతంతో మాట పడిపోయిన ముసలివాణ్ణి పిచ్చివాడని గదిలో పెట్టి గొళ్ళెం వేసినవాళ్ళనూ, చెవిటి పిల్లను మొండిదని తన్నిన తల్లులనూ ఒకసారి తలుచుకోండి. గొడ్డలి ఒక్కటే తక్కువ.

కేసు కోర్టుకు వచ్చేసరికి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో విరిగిన చెయ్యి అతికించుకున్న నూర్ అహమ్మద్ దగ్గర శ్రీరంగప్ప నలభై మాటలు కూడబెట్టుకున్నాడు. నీళ్ళు, సంగటి, చెన్నమ్మ, నొప్పి. ఒక్కొక్కటీ పాటలో కట్టి పాడించి, ఆపైన పాట విడిపించి తెచ్చినవి. దప్పిక ఎక్కువైనప్పుడు మాత్రం ఇప్పటికీ ముందుగా చచ్చినవాడి పేరే వస్తుంది. ఆ పేరు వచ్చిన ప్రతిసారీ ఆయనకు తెలుస్తుంది. నోరు మూసుకుని, తల దించుకుని, మళ్ళీ మొదలుపెడతాడు. చెన్నమ్మ తొందరపెట్టదు. చెంబు పట్టుకుని నిలబడుతుంది.

కోర్టులో చెన్నమ్మ తోడబుట్టినవాడికి ఎదురుగా నిలబడి అంతా చెప్పింది. ఊడిన పళ్ళ సందులోంచి మాటలు ఈలలా వచ్చాయి. ఒక్కటి కూడా మింగలేదు. హనుమంతరాయుడి తరఫు ప్లీడరు లేచాడు. సొంత అన్నను ఉరికంబం ఎక్కించే ఆడది లోకంలో ఉంటుందా, చదువు రాని పల్లెటూరి మనిషికి ఈ మాటలన్నీ ఎక్కడివి, ఎవరు నేర్పించారో నిజం చెప్పమని గద్దించాడు. జడ్జి కూడా కలం ఆపి ఆమె వైపు చూశాడు. బయమ్మ చూసింది. బోనులోంచి అన్న చూశాడు.

"ఎవురూ నేర్పించలేదు సామీ," అన్నది చెన్నమ్మ. "మా ఆయప్పకు మాట పోయింది, ఆయప్ప అన్నదంతా నమ్మినాం. నాగన్నకు మాట ఉన్నింది, ఆ మనిషి మొత్తుకున్నది ఒక్కటీ వినలేదు. మాట పోతే ఆస్పత్రిలో వైద్యం ఉండాది సామీ. వినేది పోతే ఏ ఆస్పత్రిలోనూ లేదు, ఆ వైద్యం ఎవురికి వాళ్ళు కత్తి పట్టకముందే చేసుకోవాల."